ఒక కార్డుకు రెండే వెయిట్ క్లాసులు: ఎంఎంఏ ఈవెంట్లు ఇలా వేస్తే తప్పేంటి?

తూకంరాయి
ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోరాట క్రీడ)లో పెద్ద సంస్థ యూఎఫ్‌సీ. దాని ఏ కార్డు, అంటే ఒక రాత్రి ఫైట్ల జాబితా, తీసినా పన్నెండో పదమూడో ఫైట్లు, వాటిలో ఏడెనిమిది వెయిట్ క్లాసులు, అంటే బరువు డివిజన్లు. ఒక హెవీవెయిట్ ఫైట్, దాని వెంటే మహిళల స్ట్రావెయిట్, ఆ తర్వాత ఇద్దరు వెల్టర్‌వెయిట్లు, మొత్తం కలగూరగంప. చూసేవాడికి ఆ రాత్రి సరదాగానే గడుస్తుంది కానీ తెల్లారాక ఏ డివిజన్‌లో ఏం తేలిందని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. ఛాంపియన్ మార్చిలో ఫైట్ కొడతాడు, నంబర్ వన్ జూన్‌లో కొడతాడు, నంబర్ టూకి మోకాలి ఆపరేషన్, నంబర్ త్రీ అక్టోబర్ దాకా ఖాళీ లేడు. వీళ్ళ తేదీలు కలిసేలోపు మధ్యలో ఒక ఇంటెరిమ్ (తాత్కాలిక ఛాంపియన్) బెల్టు పుట్టుకొస్తుంది.

నేననేది ఏంటంటే, ప్రతి పెద్ద ఈవెంట్‌నూ రెండు వెయిట్ క్లాసులకు కేటాయించాలి. పైన టైటిల్ ఫైట్, దాని కింద అదే బరువులో క్యూలో ఉన్నవాళ్ళ ఫైట్లు. ఏ డివిజన్‌కు ఏ నెలలో ఈవెంటో ఏడాది మొదట్లోనే చెప్పేయాలి.

ఇది జరగని పనేం కాదు. 2020 నవంబర్ 21న, యూఎఫ్‌సీ 255లో, ఫ్లైవెయిట్ ఛాంపియన్ ఫిగరేదో అలెక్స్ పెరెజ్‌ను మొదటి రౌండులోనే చోక్ (గొంతు పట్టు) వేసి ముగించాడు. అదే రాత్రి అదే బరువులో మొరెనో రాయ్‌వాల్‌ను ఓడించాడు, అదీ మొదటి రౌండులోనే. గెలిచిన ఇద్దరికీ పెద్ద దెబ్బల్లేవు, ఇద్దరూ ఫ్లైవెయిట్ లిమిట్ 125 పౌండ్ల దగ్గరే ఉన్నారు. సరిగ్గా 21 రోజులకు యూఎఫ్‌సీ 256లో వాళ్ళిద్దరికీ టైటిల్ ఫైట్ పెట్టేశారు. అది డ్రా అయి, అక్కడి నుంచి నాలుగు ఫైట్ల వైరం నడిచింది. వేరువేరు నెలల్లో కొట్టి ఉంటే అది అంత త్వరగా జరిగేదా?

హెవీవెయిట్ చూడండి ఇప్పుడు. యాస్పినాల్ 2023 నవంబర్‌లో ఇంటెరిమ్ బెల్టు గెలిచాడు. అసలు ఛాంపియన్ జోన్స్ 2025 జూన్‌లో రిటైరయ్యాడు. మధ్యలో ఏడాదిన్నర పైనే ఉంది, వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా ఎదురుపడలేదు.

ఐదోరౌండ్
జోన్స్ కొట్టనంటే క్యాలెండర్ ఏం చేస్తుంది గురూ? ఆ ఫైట్ ఆగింది తేదీలు కుదరక కాదు. కార్డు ఎలా పేర్చినా ఛాంపియన్ సంతకం పెట్టకపోతే ఫైట్ లేదు.

ఇక చూసేవాడి సంగతి. వరసగా ఆరు హెవీవెయిట్ ఫైట్లు ఊహించుకోండి. మొదటి రౌండులో నాకౌట్ పడితే సరే, పడకపోతే రెండో రౌండు మధ్యకల్లా ఇద్దరూ నడుం మీద చేతులు వేసుకుని రొప్పుతూ ఉంటారు. అలాంటివి మూడు చూశాక నేనైతే టీవీ కట్టేస్తా. ఫ్లైవెయిట్ల వేగం చూశాక హెవీవెయిట్ల గుద్దు బరువు తెలుస్తుంది. కలగూరగంప అన్నారే, అది ఉన్నందుకే ఆరు గంటలు కూర్చోగలుగుతున్నాం.

ఇంకోటి, అన్ని డివిజన్లలో అంత జనం ఎక్కడున్నారు? మహిళల ఫెదర్‌వెయిట్‌కు బెల్టు ఉండేది కానీ ర్యాంకింగ్ పట్టిక వేయడానికి కూడా మనుషులు చాల్లేదు. 2023లో ఛాంపియన్ నూనెస్ రిటైరయ్యాక ఆ క్లాసే మూతపడింది. అలాంటి క్లాసుకు ఒక రాత్రి ఎలా కేటాయిస్తారు?

కార్నర్‌కుర్చీ
తూకంరాయి గారు అసలు పాయింట్ వదిలేశారు. ఒకే బరువువాళ్ళు ఒకే కార్డులో ఉంటే పెద్ద లాభం చివరి నిమిషంలో తెలుస్తుంది.

2018 ఏప్రిల్, యూఎఫ్‌సీ 223. లైట్‌వెయిట్ టైటిల్ కోసం ఖబీబ్‌తో ఫెర్గూసన్ కొట్టాలి, ఆరు రోజుల ముందు ఫెర్గూసన్ మోకాలు పోయింది. ఫెదర్‌వెయిట్ ఛాంపియన్ హాలోవేని పిలిచారు, బరువు దించుతుంటే కమిషన్ డాక్టర్లు వద్దన్నారు. తూకం నాటికి ఖబీబ్‌కు ఎదురు మనిషి లేడు. ఎవరు కాపాడారు? అదే కార్డులో పాల్ ఫెల్డర్‌తో కొట్టాల్సిన లైట్‌వెయిట్, ఐయాక్వింటా. లైట్‌వెయిట్ లిమిట్ 155 పౌండ్లు, ఆయన అప్పటికే 155.2 తూగాడు. మామూలు ఫైట్‌కు ఒక పౌండు వెసులుబాటు ఉంటుంది, టైటిల్ ఫైట్‌కు ఉండదు, కాబట్టి ఆ 0.2 వల్ల ఐయాక్వింటా గెలిచినా బెల్టు దక్కదు. అయినా ఫైట్ అయితే జరిగింది, ఐదు రౌండ్లూ నిలబడ్డాడు.

2025 జనవరిలో మళ్ళీ అదే కథ. యూఎఫ్‌సీ 311కి ఒక్క రోజు ముందు నడుం నొప్పితో ఛాలెంజర్ సారుక్యాన్ తప్పుకుంటే, అదే కార్డులో ఉన్న మోయికానో వెళ్ళి లైట్‌వెయిట్ ఛాంపియన్ మఖచెవ్‌తో కొట్టాడు. ఈ రెండు కార్డుల్లో ఇంకో లైట్‌వెయిట్ ఉండడం అదృష్టం. నేనేమంటానంటే, దాన్ని అదృష్టానికి వదలకండి, కార్డు వేసేటప్పుడే చూసుకోండి. 2012లో జోన్స్ ప్రత్యర్థి హెండర్సన్ గాయపడి, ఎనిమిది రోజుల నోటీసుతో అతని బదులు సొన్నెన్‌తో కొట్టనని జోన్స్ అంటే యూఎఫ్‌సీ 151 మొత్తం రద్దయింది కదా.

ఐదోరౌండ్
మోయికానో వెళ్ళాడు సరే, అతనితో కొట్టాల్సిన దారియుష్ సంగతి? నెలల తరబడి క్యాంపు (ఫైట్‌కు శిక్షణ) చేసి, బరువు దించి, ఆఖరికి ఆ రాత్రి ఎవరితోనూ కొట్టకుండా కూర్చున్నాడు. ఫెల్డర్‌దీ అదే గతి. పైవాడి కన్నం పూడ్చడానికి కిందివాడి గోడ పడగొట్టారు.

2022 సెప్టెంబర్‌లో యూఎఫ్‌సీ 279 ఇంకా ఘోరం. డియాజ్‌తో కొట్టాల్సిన చిమాయెవ్ 171 పౌండ్లు తూగాల్సింది, 178.5 తూగాడు. దాంతో రాత్రికి రాత్రి మూడు ఫైట్లు కలిపి మళ్ళీ పంచారు. డియాజ్‌కు ఫెర్గూసన్, చిమాయెవ్‌కు హాలండ్. మిగిలిన లీ జింగ్‌లియాంగ్ కష్టపడి 171కి దిగాడు, అతన్ని 179 తూగిన రోడ్రిగెజ్ ముందు నిలబెట్టారు. జడ్జీలు ఇద్దరు అటు, ఒకరు ఇటు అనే స్ప్లిట్ డెసిషన్‌లో లీ ఓడిపోయాడు. తూకం తప్పిన చిమాయెవ్ గెలిచి వెళ్ళాడు, తూకానికి దిగిన లీ మూల్యం చెల్లించాడు. మీరు చెప్పే పద్ధతి వస్తే ఇలాంటి పంపకాలు ప్రతి నెలా చేస్తారు, ఎందుకంటే సులువు కదా.

తడితువ్వాలు
నేను మూడేళ్ళు అమెచ్యూర్‌లో 65.8 కిలోల క్లాసులో కొట్టాను, పెద్ద ఆటగాడినేం కాదు. కానీ మీ చర్చలో బరువు దించే మనిషి కనిపించడం లేదు.

ఒకసారి రెండు రోజుల టోర్నీ. మొదటి రోజు చిన్న బరువులు, రెండో రోజు పెద్దవి అన్నారు, మాది మొదటి రోజే. ముందు రాత్రి వేడినీళ్ళ టబ్బులో పది నిమిషాలు, బయటికొచ్చి తువ్వాళ్ళు చుట్టుకుని పది నిమిషాలు, మళ్ళీ టబ్బు. నోట్లో గమ్ నములుతూ ఖాళీ సీసాలో ఉమ్మి, ఆ సీసాను పైకెత్తి ఎంత దిగిందో చూసుకోవడం. చివర్లో ఉమ్మడానికి కూడా తడి ఉండదు, నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. తెల్లారి వెళ్తే, ఎంట్రీలు ఎక్కువయ్యాయి, మీ క్లాసు రేపటికి మార్చాం, తూకం కూడా రేపే అన్నారు. ఇంకో రోజంతా గ్లాసుడు నీళ్ళు కూడా తాగకుండా ఉన్నాను. మర్నాడు కాంటా ఎక్కితే 300 గ్రాములు ఎక్కువ చూపించింది. ఎలా పెరిగానో ఇప్పటికీ అర్థం కాలేదు.

అందుకే నాకు ఎవరెవరు ఒకే రాత్రి కొడుతున్నారన్నది రెండో విషయం. ఒక కట్‌కూ (బరువు దించడానికీ) ఇంకో కట్‌కూ మధ్య ఎంత టైమిస్తున్నారు, చెప్పిన తేదీ మీద నిలబడుతున్నారా అన్నది మొదటిది. 2015 డిసెంబర్‌లో ఫైటర్ యాంగ్ జియాన్‌బింగ్ బరువు దించుతూనే చనిపోయాడు, ఆ తర్వాతే అతను కొట్టాల్సిన ఎంఎంఏ సంస్థ వన్ ఛాంపియన్‌షిప్ ఒంట్లో నీటి శాతం పరీక్షలు పెట్టింది. తూకంరాయి గారూ, మీరు మెచ్చుకున్న ఆ 21 రోజుల్లో ఫిగరేదో, మొరెనో రెండుసార్లు 125కి దిగారు. అది గొప్ప ఫైటే, కాదనను, కానీ దాన్నే పద్ధతిగా పెడితే నేను ఒప్పుకోను.

చాపఅంచు
ఇంకో ఎంఎంఏ సంస్థ పీఎఫ్‌ఎల్ ఈ ప్రయోగం చేసింది కదా, ఎవరూ ఎత్తరేం? 2018 నుంచి వెయిట్ క్లాసుల వారీగా సీజన్లు. గెలిస్తే 3 పాయింట్లు, మొదటి రౌండులో ముగిస్తే ఇంకో 3, రెండో రౌండుకు 2, మూడో రౌండుకు 1. చివర టైటిల్ గెలిచినవాడికి మిలియన్ డాలర్లు. ఎవరు ఎవరి వెనక ఉన్నారో చిన్నపిల్లాడికి కూడా అర్థమయ్యే పట్టిక. కానీ టైటిల్ దాకా వెళ్ళినవాడు ఒకే ఏడాది నాలుగుసార్లు బరువు దించాలి. 2025లో ఆ పాయింట్ల సీజన్ వదిలేసి, ఓడితే ఇంటికే అనే నాకౌట్ టోర్నీకి మారారు.

అసలు లైట్‌వెయిట్ 155కీ వెల్టర్‌వెయిట్ 170కీ మధ్య 15 పౌండ్ల గొయ్యి ఉంది, 165 పెడితే సగం గొడవలు పోతాయని నా అభిప్రాయం. బాక్సింగ్ కమిషన్ల సంఘం 2017లోనే 165, 175, 195, 225 క్లాసులకు ఒప్పుకుంది, యూఎఫ్‌సీ పట్టించుకోలేదు. సరే, అది వేరే గొడవ.

తూకంరాయి
తడితువ్వాలు గారి మాటకు నా దగ్గర సమాధానం లేదు. 21 రోజుల ఉదాహరణ వెనక్కి తీసుకుంటున్నా.

కార్డు మొత్తం వద్దు. టైటిల్ ఫైట్ ఉన్న ప్రతి కార్డులో అదే బరువులో ఇంకో ఫైట్ ఒక్కటి తప్పనిసరి, తర్వాతి ఛాలెంజర్ ఎవరో తేల్చేది. నలుగురు ఫైటర్లు, అంతే. మిగతా పది ఫైట్లు ఏ బరువైనా వేసుకోండి. గెలిచిన ఇద్దరి మధ్య ఫైట్‌కు కనీసం నాలుగు నెలలు టైమివ్వాలి, తేదీ ఆ రాత్రే ప్రకటించాలి. ఎవరైనా తప్పుకుంటే పైకి వెళ్ళేవాడు ఎవరో ముందే కాగితం మీద ఉండాలి, ప్రత్యర్థి లేకుండా మిగిలిపోయినవాడికి పూర్తి పారితోషికం, గెలుపు బోనస్‌తో సహా.

ఐదోరౌండ్
దారియుష్‌కు డబ్బులొస్తాయి, ఒప్పుకుంటా. 8 పౌండ్లు ఎక్కువున్నవాడితో కొట్టమని లీకి చెప్పినప్పుడు కాదనే హక్కు ఉంటుందా మరి? కాదంటే ఆ తర్వాత అతనికి ఎప్పుడు ఫైట్ ఇస్తారు?

చాపఅంచు
మొదటి పోస్టులో మొత్తం కార్డు, ఇప్పుడు నలుగురు ఫైటర్లు. ఇక్కడ అందరికంటే పెద్ద వెయిట్ కట్ తూకంరాయి గారిదే.

తూకంరాయి
లిమిట్‌కు దిగానా లేదా, అది చెప్పండి.

ఐదోరౌండ్
2022 మేలో ఒలివెరాకు లైట్‌వెయిట్ బెల్టు పోయింది అర పౌండుకే. మీరు కూడా అంతే ఎక్కువున్నారు. లీ సంగతి తేల్చి మళ్ళీ కాంటా ఎక్కండి.