షాపు కౌంటర్ దగ్గర తాగుడు సంగతి ఎలా అడుగుతారు?

కౌంటర్ వెనక మనిషి:
తణుకు దగ్గర ఒక ఊళ్లో పంతొమ్మిదేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నానండి. డి.ఫార్మసీ నేనే చదివాను, సర్టిఫికెట్ అద్దెకి తెచ్చి గోడకి తగిలించినవాణ్ణి కాదు.

మా దగ్గరికి వచ్చే ఒకాయనకి యాభై దాటాయి, రొయ్యల చెరువుల మీద పని. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన షుగరు బిళ్లలు నెలకి సరిపడా పట్టుకెళతారు. మధ్యలో పది రోజులకోసారి గ్యాసు బిళ్లల షీటు. పొద్దున్నే వస్తే నోట్లు లెక్కపెట్టే చేతులు వణుకుతుంటాయి. మొన్న ఉండబట్టలేక "మందు తాగుతారా అండీ?" అని అడిగేశాను. "ఏ మందు? ఇందాకే వేసుకున్నానుగా" అన్నారు. వెనకాల నిలబడ్డ కుర్రాళ్లిద్దరూ ఫక్కున నవ్వారు. అప్పుడు వెలిగింది ఆయనకి. మొహం కందగడ్డలా చేసుకుని చిల్లర కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు. ఆ ఐదు రూపాయలు గల్లాపెట్టెలో విడిగా పెట్టి ఉంచాను.

మూడో రోజు వాళ్లావిడ వచ్చింది. "ఆయనకి తెలీకుండా కూరలో కలిపే బిళ్లలుంటాయంట, ఇవ్వండి బాబూ" అంది. ఇవ్వలేదు. ఇంతకీ అడగడమే తప్పా? అడిగితే ఎలా అడగాలి, అడిగాక ఏం చెప్పాలి?

లీసెస్టర్ నుంచి:
విజయవాడలో బి.ఫార్మ్, ఇక్కడ ఇంగ్లండ్‌కొచ్చి ఓస్పాప్ (బయటి దేశాల ఫార్మసిస్టులు ఇక్కడ చేయాల్సిన కోర్సు) చేసి ఫార్మసీలో ఉన్నాను. మేం ముందు అడిగేవి మూడే ప్రశ్నలు. ఆడిట్-సీ అంటారు. ఎన్నాళ్లకోసారి తాగుతారు, తాగిన రోజు ఎంత, ఒకే పూట బాగా ఎక్కువైపోయేది ఎన్నిసార్లు. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. 12కి 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే, పది ప్రశ్నల పూర్తి ఆడిట్‌లో మిగతా ఏడు కూడా అడిగి ఓ ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడతాం. మాకు తలుపున్న చిన్న గది ఉంటుంది. మీ కొంప ముంచింది ప్రశ్న కాదు, ఆ కుర్రాళ్ల నవ్వు.

అలాగని ఇది మంత్రదండం అనుకోకండి. లండన్‌లో ఒక బరోలో (నగరంలో ఒక పాలనా విభాగం) 16 ఫార్మసీల్లో 407 మంది మీద ట్రయల్ చేశారు, 2015లో అచ్చయింది. సగం మందికి ఫార్మసిస్టు సలహా, సగం మందికి ఒట్టి కరపత్రం. మూడు నెలల తర్వాత చూస్తే ఇద్దరికీ తేడా లేదు! డాక్టర్ల దగ్గర చేసినవన్నీ కలిపి చూస్తే ఏడాది తర్వాత సగటున వారానికి 20 గ్రాముల ఆల్కహాల్ తగ్గింది. మన లెక్కలో రెండు చిన్న పెగ్గులు.

అయినా నేను అడుగుతాను. గ్లిమిపిరైడ్ మీద ఉన్న మనిషి తాగి, అన్నం తినకుండా పడుకుంటే రాత్రి షుగరు పడిపోతుంది. అది చెప్పడానికి ట్రయల్ ఎందుకు?

మెదక్ దిక్కు:
అన్నా, యూనిట్లు, పెగ్గులంటే మా దగ్గర ఎవ్వరికీ సమజ్ కాదు. నేనైతే "క్వార్టరా, ఆఫా?" అని అడుగుత. క్వార్టరంటే 180 ఎం.ఎల్., 42.8 శాతం. లెక్కేస్తే 61 గ్రాముల దాకా అయితది, ఆరు చిన్న పెగ్గులు. "బీరే కదా" అంటరు గని 8 శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసల 41 గ్రాములుంటది.

కల్లు ముచ్చట ఎవ్వరూ ఎత్తలే. మా దిక్కు కల్తీ కల్లుల అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ అసొంటి నిద్రమందులు కలుపుతరు. దుకాణం బందైతే రెండు దినాలకే నిద్రపట్టక, చేతులు వణుక్కుంట నా దగ్గరికొస్తరు నిద్రబిళ్లల కోసం. చీటీ లేనిది ఇయ్య. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1ల (డాక్టర్ చీటీ మీదనే అమ్మాల్సిన మందుల జాబిత) ఉంది, రిజిస్టర్ రాయాలె. తిట్టుకుంట పోతరు. పోనీ.

సైకియాట్రీ పీజీ:
సార్, ఒక్క మాట. పొద్దున్నే చేతులు వణికే మనిషికి "ఈ రోజు నుంచే మానేయండి" అని మాత్రం చెప్పకండి. రోజూ తాగే ఒళ్లు ఒక్కసారి ఆపితే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతిభ్రమణం. మా వార్డులో "మంచిపని చేద్దామని మానేశాడండీ" అని ఏడ్చే తల్లుల్ని చూస్తూనే ఉంటాం. అలాంటివాళ్లని ఆసుపత్రికి పంపండి. థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చి, వణుకు అణిచే మందులతో మెల్లగా దించుతాం.

ఆ వణుకు షుగరు పడిపోవడం వల్ల కూడా కావచ్చు. గ్లూకోమీటర్ ఉంటే వేలు గుచ్చి చూడండి, ముందు అది తేలుతుంది. వాళ్లావిడ అడిగింది డైసల్ఫిరామ్, అంటే తాగితే ఒంటికి పడకుండా చేసే బిళ్ల, అయ్యుంటుంది. తెలియకుండా పెడితే, దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఇవ్వకుండా మంచిపని చేశారు. ఆవిడకి 14416, టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు ఇవ్వండి. డీ-అడిక్షన్‌కి, అంటే వ్యసనం మానిపించే సాయానికి, 14446.

కౌంటర్ వెనక మనిషి:
ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకండి. ఆయన నిన్న వచ్చారు. షాపులో ఎవరూ లేనప్పుడు ఇన్సులిన్ ఫ్రిజ్ పక్కకి పిలిచి, షుగరు బిళ్లల షీటు చేతిలో పట్టుకునే అడిగాను: "రాత్రిపూట కాస్త వేసుకుంటే ఈ బిళ్లతో షుగరు బాగా పడిపోతుందండి, అందుకని అడుగుతున్నా, సాయంత్రాలు ఎంత పడుతుంది?" కాసేపు నేలకేసి చూశారు. "క్వార్టర్. రొయ్యల పట్టుబడి రోజుల్లో ఇంకోటి" అన్నారు. ఏడాదిలో ఒక్కరోజు కూడా మానలేదట. వేలు గుచ్చితే 164, కాబట్టి వణుకు షుగరుది కాదు. మానేయండని అనలేదు. డాక్టరు గారు చెప్పినట్టే ఫిట్స్ సంగతి చెప్పి, సోమవారం ఏరియా ఆసుపత్రికి నేనూ వస్తానన్నాను. "చూద్దాం" అన్నారు. వస్తారో రారో.

ఐదు రూపాయలు ఇవ్వబోతే తీసుకోలేదు. "వచ్చేసారి బిల్లులో తగ్గించండి" అన్నారు.