చర్చ: మన డెల్టా మున్సిపాలిటీలు నిధుల కోసం పైవాళ్ళ మీద పడాలా, ముందు ఇంటి పన్ను సరిగ్గా వసూలు చేసుకోవాలా?

కాలవగట్టు:
కాలవ కట్టేసి, అంటే నీళ్ళు ఆపేసి, పది రోజులైంది. మా వీధి కుళాయి రోజు విడిచి రోజు, అదీ అరగంట, బిందెలో నీళ్ళు లేత పచ్చగా ఉంటన్నాయి, పాకుడు వాసన. ఎండాకాలానికి తాగే నీళ్ళు నిల్వ చేసే సమ్మర్ స్టోరేజీ చెరువు పూడిక తీయించరా అని ఆఫీసుకెళ్ళి అడిగితే ఫండ్స్ లేవండి అన్నారు. ఏటా ఇదే మాట. నేననేదేంటంటే మున్సిపాలిటీలన్నీ కలిసి అమరావతినీ ఢిల్లీనీ గట్టిగా నిలదియ్యాలి. మున్సిపాలిటీల కోసం తెచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ నించి అమల్లో ఉంది, 12వ షెడ్యూల్లో మంచినీళ్ళు, పారిశుద్ధ్యంతో కలిపి 18 పనులు రాశారు, కానీ ఆ అధికారాలు రాష్ట్రం ఇవ్వొచ్చు అని ఉంది తప్ప ఇచ్చి తీరాలని లేదు. చాకిరీ ఊరిది, ఇనప్పెట్టె తాళం వాళ్ళది.

రిటైర్డ్ బిల్ కలెక్టరు:
బాబూ, సర్వీసంతా డిమాండు నోటీసులు పంచినోణ్ణి, నా మాట వినండి. ఏప్రిల్లో ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు, ఆ నెల్లో కౌంటరు దగ్గరికొచ్చేది పెన్షనర్లే. పెద్ద బిల్డింగులోళ్ళు మార్చిదాకా కూర్చుంటారు, ఏదో ఒక ఏడు వడ్డీ మాఫీ అంటారని వాళ్ళకి తెలుసు. మూడంతస్తులు లేపి రికార్డులో ఇంకా పెంకుటిల్లుగానే ఉంచుకున్నోళ్ళు మా వార్డులోనే బోల్డుమంది. కేంద్రం డబ్బు రాష్ట్రాలకీ ఊళ్ళకీ ఎలా పంచాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం కూడా అదే పట్టుకుంది కదండీ, ఆస్తి పన్నుకి కనీస రేట్లు పెట్టాలి, వసూళ్ళు రాష్ట్ర జీఎస్‌డీపీతో, అంటే రాష్ట్రం మొత్తం ఉత్పత్తి విలువతో పాటు పెరగాలి, అప్పుడే గ్రాంటు అని. మన ఊళ్ళో మనం కట్టకుండా పైవాణ్ణి అడిగితే ఎవడిస్తాడు?

గూడెం కుర్రోడు:
మాస్టారు, పన్ను పెరగలేదా ఏంటి? 2021 నించి అద్దె విలువ తీసేసి ఆస్తి విలువ మీద వేస్తన్నారు, ఏడాదికి 15 శాతం మించదు అన్నారు, మా ఇంటికి మెట్లెక్కినట్టు ఎక్కింది. మరి డ్రైను అలాగే ఉంది. ఆ నిర్ణయం మా మున్సిపాలిటీ తీసుకున్నదా చెప్పండి. చెత్తకి నెలకింత అని పెట్టిందీ పైవాళ్ళే, తీసేసిందీ పైవాళ్ళే. పైగా అడగాలి అంటన్నారు, ఎవరడగాలి? 2021 మార్చిలో మున్సిపల్ ఎన్నికలు పెట్టినప్పుడు మా తాడేపల్లిగూడెంలో జరగలేదు, భీమవరం, తణుకు, పాలకొల్లు, రాజమండ్రి వేటిలోనూ జరగలేదు, ఎన్నికైన కౌన్సిలు లేక స్పెషలాఫీసరే దిక్కు. ప్రభుత్వం వేసిన ఆఫీసరు వెళ్ళి ప్రభుత్వాన్నే నిలదీస్తాడా ఎక్కడన్నా.

కాలవగట్టు:
పన్ను ఎగ్గొట్టమని నేనన్లేదండి మాస్టారు. ఊరికి రావాల్సింది ఊరికి రావట్లేదంటన్నా. మొన్న మా బావమరిది స్థలం రిజిస్ట్రేషన్‌కి తోడెళ్ళా, లెక్క మూడు రకాలుగా ఉంది, స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1. ఆ మధ్యది స్థానిక సంస్థలది, ప్రభుత్వం వసూలు చేసి పెట్టడమే. 20 లక్షల స్థలానికి 30 వేలు! వృత్తి పన్ను చూస్తే 1988 నించి మనిషికి ఏడాదికి 2500 దాటకూడదు, అది పెంచాలంటే రాజ్యాంగమే మార్చాలి. వినోద పన్ను 2017 జూలైలో జీఎస్టీలో కలిసిపోయింది, మన గోదారి జిల్లాల్లో సినిమాలు ఎలా ఎగబడి చూస్తామో తెలుసుగా, ఆ జీఎస్టీలో మున్సిపాలిటీకంటూ వాటా లేదు. కేరళలో అయితే బడ్జెట్‌తో పాటే అనుబంధం 4 అని వేస్తారు, ఏ ఊరికెంతో అందులో ఉంటది. అలాంటిది మాక్కూడా వెయ్యండి అని అడగడం తప్పా?

చేపలచెరువు:
డబ్బొక్కటేనా గొడవ? కాలవ ఎప్పుడు కట్టాలో తేల్చేది నీటిపారుదల సలహా మండలి. కట్టేముందు ట్యాంకులు నింపుకోండి అని పేపర్లో ప్రకటన వస్తది, సగం పూడిపోయిన చెరువులో ఏం నింపుకుంటాం. ఎగువ ఊళ్ళ మురుగు కాలవలో కలిపేస్తే దిగువోళ్ళం తాగుతున్నాం. ఇది ఒక్క మున్సిపాలిటీ తేల్చే పనా? (మా చెరువుల నీళ్ళూ డ్రైన్లలోకే వదుల్తాం, తిట్టేవాళ్ళు తిట్టండి, నిజం నిజమే.)

రిటైర్డ్ బిల్ కలెక్టరు:
ట్రాన్స్‌ఫర్ డ్యూటీ సంగతి ఒప్పుకుంటా. మా ఆఫీసులో దాని కోసం ఎదురు చూస్తా కాంట్రాక్టరు బిల్లులు ఆపిన నెలలున్నాయి. రిటైరయ్యా కాబట్టి ఇంకోటీ చెప్తా. కిళ్ళీ కొట్టోడికి రెండు వేల బాకీకి షట్టరు మీద నోటీసు అంటించా. పక్కనే ఉన్న సర్కారు బిల్డింగు బాకీ లక్షల్లో, దానికి మాత్రం లెటర్లు రాసేవాళ్ళం, బడ్జెట్ రాలేదు అని జవాబొచ్చేది. ఆ కిళ్ళీ కొట్టోడు నన్నిప్పటికీ పలకరించడు. అయినా నేనడిగిన పెంకుటిళ్ళ గురించి మీలో ఒక్కరూ మాట్లాడలా.

కాలవగట్టు:
మా వీధిలో రెండున్నాయి, ఒకటి మా పెదనాన్న గారిదే, చాలా? రేపు సమాచార హక్కు అర్జీ పెడతన్నా. గత మూడేళ్ళలో మన ఊరి రిజిస్ట్రేషన్ల మీద ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఎంత వసూలైంది, మున్సిపాలిటీ ఖాతాకి ఎంత చేరింది, ఏ తేదీల్లో అని.

రిటైర్డ్ బిల్ కలెక్టరు:
ఒకటి కాదు, రెండు పెట్టండి. వసూలైంది ఎంతో సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసుని, చేరింది ఎంతో మున్సిపాలిటీని. ఒక్కచోటే పెడితే అవతలోళ్ళని అడగండి అంటారు. డ్రాఫ్టు ఇక్కడ పెట్టండి, దిద్ది ఇస్తా.