గర్భసంచి తీసేస్తే సంసారం అయిపోయినట్టేనా?

తిరుచానూరు కోడలు:
నాకు 41. గడ్డలుండాయి, నెలకి పది పన్నెండు దినాలు బ్లీడింగ్, రక్తం 7కి పడిపోయింది. మాత్రలు వాడినా తగ్గలే, ఇంక సంచి తీసేయాలన్నారు. మా అత్తేమో తీసేస్తే మొగుడికి పనికిరావు అంటాది. ఆయన ఏమీ అనలే గానీ ఆ మాట ఇన్నప్పట్నించి మొహం అదోలా పెట్టుకోనుండాడు. ఆపరేషన్ అయినోళ్ళు నిజం చెప్పండక్కా.

పీలేరు వదిన:
మీ అత్త మాట వదిలెయ్ పాపా. నాకు అయ్యి మూడేండ్లు. ముందు ఆయన దగ్గరికొస్తేనే పొత్తికడుపులో నొప్పి, ఏ దినం బ్లీడింగ్ అయితాదో అని భయం, ఇప్పుడు ఆ రెండూ లేవు. ముందుకన్నా బాగుండాము, సిగ్గేముంది చెప్పడానికి.

మదనపల్లి మొండిఘటం:
నీకు బాగుంటే అందరికీ బాగున్నట్టా వదినా? నాకు 36కే చేసినారు. నెల తిరక్కముందే ఒళ్ళంతా సెగలు, రాత్రి చెమటలు, ఆయన ముట్టుకుంటే మంట. కోరికే లేదు. ఏడాది తర్వాత ఇంకో డాక్టరమ్మ డిశ్చార్జ్ కాయితం చూసి, అండాశయాలు కూడా తీసేసినారు కదమ్మా అనింది. నాకు ఒక్కరూ చెప్పలే!

రిటైర్డ్ సిస్టర్, చిత్తూరు:
మీ ఇద్దరికీ జరిగింది ఒకే ఆపరేషన్ కాదు, అందుకే కొట్లాట. హార్మోన్లు వచ్చేది అండాశయాల్నించి, సంచి నుంచి కాదు. అవి ఉంచితే మామూలుగా హార్మోన్ వస్తానే ఉంటాది, కొందరికి ముట్లు ఆగే వయసు కొంచెం ముందొస్తాది అంతే. అండాశయాలు రెండూ తీసేస్తే ఆ దినం నుంచే మెనోపాజ్, లోపల ఎండిపోతాది, అందుకే మంట. దానికి ఈస్ట్రోజెన్ అనే ఆ హార్మోన్ క్రీమ్ ఉంది, జెల్ ఉంది, క్యాన్సర్ వచ్చినోళ్ళు మాత్రం డాక్టర్ని అడక్కుండా క్రీమ్ వాడకూడదు. 2015-16 జాతీయ కుటుంబ సర్వేలో 15-49 ఏండ్లోళ్ళకి దేశంలో నూటికి 3 మందికి సంచి తీసేసుంటే మన ఆంధ్రాలో 9 మందికి దగ్గర, అంతమంది ఉండి ఒక్కరూ నోరిప్పరు.

పుత్తూరు అబ్బాయి:
సర్విక్స్, అదే సంచి మూతి, ఉంచేస్తే సుఖం తగ్గదంట కదా సిస్టర్, మా ఆమెకి అదే చేయించాలనుకుంటాండా.

రిటైర్డ్ సిస్టర్, చిత్తూరు:
అట్ల చాలామంది అనుకున్నారు నాయనా, రెండు రకాలూ చేసి పోల్చి చూస్తే సంసారం విషయంలో తేడా కనపళ్ళే. పైగా ఉంచితే క్యాన్సర్ పరీక్ష మానకూడదు. అయితే భావప్రాప్తిలో సంచి బిగుసుకోవడం తెలిసే ఆడోళ్ళు కొందరుంటారు, వాళ్ళకి అది పోయినట్టు అనిపిస్తాది, లేదని నేననను.

పీలేరు వదిన:
మీ ఆమెకి చేయించాలని నువ్వనుకుంటే ఎట్లబ్బా, ఆమెనడిగినావా?

మదనపల్లి మొండిఘటం:
అదీ మాట. క్రీమ్ సంగతి ఇప్పుడు చెప్తాండారు సిస్టర్, నాకు నాలుగేండ్లు పోయినాయి. మా ఆయన ఇంకా నాకే మనసు లేదనుకుంటాండాడు.

తిరుచానూరు కోడలు:
సోమవారం మళ్ళీ పోతాండాము. అండాశయాలు ఉంచుతారా తీస్తారా, తీస్తే ఎందుకు అని అడగతా. ఎన్ని దినాలు దూరంగా ఉండాల సిస్టర్?

రిటైర్డ్ సిస్టర్, చిత్తూరు:
తక్కువంటే ఆరు వారాలు, లోపలి కుట్లు మానినాయని డాక్టర్ చూసి చెప్పేదాకా వద్దు. మీ ఆయన్ని బయట కూర్చోబెట్టొద్దు, లోపలికి తీసకపో, ఆయన చెవులతో ఆయన్నే విననీ.