అప్‌డేట్: టికెట్ లేకుండా ట్రూపింగ్ ద కలర్‌లో రాజుగారిని చూడటం

లండన్‌లో చదువుతున్నవాళ్లు రాజు అధికారిక పుట్టినరోజుకు జరిగే ఈ జూన్ పరేడ్‌లో ఛార్లెస్ రాజుగారిని టికెట్ లేకుండా చూడొచ్చా అని ఇంతకుముందు అడిగాను. చూడొచ్చు. బ్యాలట్ (టికెట్ల లాటరీ) సీట్లకే, బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు వెళ్లే ద మాల్ రోడ్డు పక్కన నిలబడటానికి టికెట్ అక్కర్లేదు.

చిక్కంతా వరసతోనే. రోడ్డు వారగా గార్డ్స్ సైనికులు నిలబడతారు, వాళ్ల ఎత్తయిన ఎలుగుతోలు టోపీలే అడ్డం. 2023లో రాజుగారు గుర్రం మీద వచ్చారు కాబట్టి వెనకవాళ్లకూ కనిపించారు. 2024లో క్యాన్సర్ చికిత్స వల్ల బగ్గీలో వచ్చారు. బగ్గీ అయితే ముందు వరస దొరక్కపోతే కష్టమే.

ఊరేగింపు పదిన్నర దాటాక ప్యాలెస్ నుంచి బయల్దేరి, 11కి హార్స్ గార్డ్స్ పరేడ్ అనే మైదానం చేరుతుంది. పన్నెండున్నర ప్రాంతంలో అదే దారిన వెనక్కి. అంటే మొదటిసారి ఫోటో పోయినా రెండో అవకాశం ఉంటుంది.

తర్వాత ప్యాలెస్ బాల్కనీలో రాజకుటుంబం కనిపిస్తుంది. బారికేడ్లు దాటి పరుగెత్తనివ్వరు. పోలీసులు వరసకట్టి ముందు నడుస్తూ, జనాన్ని మెల్లగా ప్యాలెస్ వైపు తీసుకెళ్తారు. ఆ వరసకు దగ్గరగా ఉండాలి. ఒంటిగంటకు విమానాలు మాల్ మీదుగా, మన వీపు వైపు నుంచి వస్తాయి. చివర్లో రెడ్ ఆరోస్ అనే వైమానిక దళ విన్యాసాల జట్టు. బాల్కనీకి ఫోన్ జూమ్ చాలదు, చిన్న బైనాక్యులర్ మేలు. పెద్ద బ్యాగు మాత్రం వద్దు.