సర్టిఫికెట్లు బ్లాక్‌చెయిన్‌లో పెట్టమంటున్నారు, ఒక్క సంస్థకు అది అవసరమా?

రికార్డుల విభాగం:

నమస్తే అండి. ఒక శిక్షణ సంస్థలో సర్టిఫికెట్ల రికార్డులు చూస్తుంటాను. మా పేరుతో నకిలీ సర్టిఫికెట్లు బయట తిరుగుతున్నాయి. ఉద్యోగం ఇచ్చే కంపెనీలు "ఇది మీరిచ్చిందేనా" అని మెయిల్ పెడతాయి, మేం రిజిస్టర్ తిరగేసి జవాబిస్తాం. బ్లాక్‌చెయిన్ పెడితే ఈ బాధ పోతుందని పైవాళ్ల ఆలోచన. నోట్ రాసే పని నాకు అప్పగించారు.

సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వచ్చినాయన "ఒకసారి ఎక్కిస్తే ఇక ఎవరూ మార్చలేరు" అని పదే పదే చెప్పాడు. ఎందుకు మార్చలేరని అడిగితే క్రిప్టోగ్రఫీ అన్నాడు, అంతకుమించి చెప్పలేదు. కంప్యూటర్లో ఉన్న ఏ ఫైలునైనా మార్చొచ్చు కదా, దీన్ని మార్చనివ్వనిది ఏమిటి? మేమే తప్పు పేరు ఎక్కిస్తే ఏమవుతుంది? అసలు మాకిది కావాలా? కాయిన్లు కొనడం, అమ్మడం గురించి కాదు నా ప్రశ్న. ఆ నోట్ కింద నా సంతకం ఉంటుంది, అర్థం చేసుకోకుండా పెట్టలేను.

పాత డేటాబేస్ మనిషి:

మొదటి ప్రశ్న తేలితే మిగతా రెండూ సులువవుతాయి, అందుకని దాని మీదే ఎక్కువ రాస్తాను.

ముందు హ్యాష్. ఎస్‌హెచ్‌ఏ-256 అనే ఫంక్షన్‌కు ఒక పేరు ఇచ్చినా, వెయ్యి పేజీల ఫైలు ఇచ్చినా 256 బిట్ల పొడవున్న ఫలితమే వస్తుంది, ఆ ఫలితమే హ్యాష్. అదే ఫైలుకు ఎన్నిసార్లయినా అదే ఫలితం. ఫైల్లో ఒక్క అక్షరం మారిస్తే ఆ బిట్లలో దాదాపు సగం తారుమారవుతాయి. బ్లాక్‌చెయిన్ అంటే రికార్డులను బ్లాకులనే కట్టలుగా వరసలో పేర్చిన గొలుసు, అందులో ప్రతి బ్లాకులోనూ దాని ముందు బ్లాకు హ్యాష్ రాసి ఉంటుంది. 100వ బ్లాకులో ఒక అంకె దిద్దితే దాని హ్యాష్ మారిపోయి, 101లో రాసి ఉన్నదానితో సరిపోదు. 101ని సరిచేస్తే 102తో పేచీ. ఇలా చివరిదాకా.

చాలామంది వివరణ ఇక్కడితో ఆపేస్తారు, నాకు నచ్చనిది అదే. ఎందుకంటే ఇప్పటిదాకా చెప్పింది మార్పును పట్టిస్తుంది తప్ప ఆపదు. గొలుసు మొత్తం నా ఒక్కడి సర్వర్లో ఉంటే 100 నుంచి చివరిదాకా హ్యాష్‌లన్నీ మళ్లీ లెక్కగట్టి పెట్టేస్తాను. సాధారణ కంప్యూటర్‌కు అది పెద్ద పనేం కాదు. పాత ప్రతి ఇంకొకరి దగ్గర లేకపోతే నేను దిద్దానని ఎవరూ నిరూపించలేరు.

ఈ సమస్య బిట్‌కాయిన్ కంటే పాతది. పత్రాలకు హ్యాష్‌లతో కాలముద్ర, అంటే అవి ఎప్పటివో చూపే గుర్తు, వేసే పద్ధతిని స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా 1991లోనే ప్రచురించారు. తర్వాత వాళ్ల కంపెనీ 1995 నుంచి వారానికొక హ్యాష్‌ను న్యూయార్క్ టైమ్స్ పత్రికలో చిన్న ప్రకటనగా వేయించింది. ఊరూరా పంచిన పేపర్లన్నీ వెనక్కి తెచ్చి దిద్దడం ఎవరి తరమూ కాదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే అందమైన ఆలోచన అదే.

బిట్‌కాయిన్‌ను ప్రతిపాదిస్తూ సతోషి నకమోటో అనే పేరుతో 2008 అక్టోబర్ 31న వచ్చిన పత్రం దీనికి ఇంకొకటి జోడించింది. పెద్దదిక్కు ఎవరూ లేనప్పుడు తర్వాతి బ్లాకు ఎవరు రాయాలి? బిట్‌కాయిన్‌లో బ్లాకు రాయాలనుకున్నవాళ్లు నాన్స్ అనే సంఖ్యను మార్చి మార్చి చూస్తూ, నిర్ణీత హద్దు కంటే చిన్న హ్యాష్ వచ్చేదాకా వెతకాలి. ఇందులో అడ్డదారి లేదు, కరెంటు ఖర్చుపెట్టి ప్రయత్నించాల్సిందే. సగటున 10 నిమిషాలకో బ్లాకు పడేలా ప్రతి 2016 బ్లాకులకోసారి ఆ హద్దు దానంతటదే సర్దుకుంటుంది. పాత బ్లాకు దిద్దాలనుకున్నవాడు ఆ వెతుకులాటంతా మళ్లీ చేసి, ఈలోగా ముందుకు సాగిపోతున్న మిగతా ప్రపంచాన్ని దాటాలి. మార్చనివ్వనిది ఆ ఖర్చు, దానితోపాటు వేలాది కంప్యూటర్లలో ఉన్న ప్రతులు. ఎథీరియం అనే మరో గొలుసు 2022 సెప్టెంబర్‌లో ఈ పద్ధతి వదిలేసి, బ్లాకులు ధృవీకరించేవాళ్లు సొమ్ము పూచీగా పెట్టే పద్ధతికి మారింది. మోసం చేస్తే ఆ పూచీలో కోత పడుతుంది.

కాబట్టి "మార్చలేరు" అన్నది అన్ని గొలుసులకూ ఒకేలా వర్తించదు. మైనింగ్ (పైన చెప్పిన వెతుకులాట) బలం తక్కువగా ఉన్న ఎథీరియం క్లాసిక్ అనే గొలుసులో 2019లోనూ 2020లోనూ దాడి చేసినవాళ్లు ఇటీవలి బ్లాకులను తిరగరాయగలిగారు. మీకు అమ్ముతున్న గొలుసు నోడ్లు, అంటే దాని ప్రతులు ఉంచుకుని నడిపే కంప్యూటర్లు, ఎవరి దగ్గర నడుస్తాయో అడగండి. అన్నీ ఆ కంపెనీ సర్వర్లలోనే అయితే, మీరు నమ్మాల్సింది గణితాన్ని కాదు, ఆ కంపెనీని.

లెక్కల తనిఖీ:

రెండో ప్రశ్నకు నేను చెబుతాను, నా వృత్తి తనిఖీయే. నోడ్లు చూసేది సంతకం సరైనదా, నియమాల ప్రకారం ఉందా అన్నంతవరకే. ఆ అభ్యర్థి నిజంగా పరీక్ష పాసయ్యాడా అన్నది వాటికి తెలిసే దారి లేదు. మీ గుమస్తా తప్పు పేరు ఎక్కిస్తే ఆ తప్పే భద్రంగా ఉంటుంది. చెరపడం కుదరదు, "ఫలానా ఎంట్రీ రద్దు" అని కొత్త ఎంట్రీ వేయాలి. రద్దు జాబితాను కూడా చూసేలా తనిఖీ సాఫ్ట్‌వేర్ ఉందో లేదో కనుక్కోండి, చాలాచోట్ల దాన్ని మరిచిపోతారు.

పేర్లు, పుట్టిన తేదీలు గొలుసులోకి ఎక్కించనివ్వకండి. దయచేసి ఈ ఒక్క విషయంలో గట్టిగా నిలబడండి. తన వివరాలు తొలగించమని రేపు ఎవరైనా అడిగితే తొలగించే వీలుండదు. ఉత్త హ్యాష్ పెట్టినా చాలదు. పేరు, తేదీ ఊహించదగ్గవే కాబట్టి వరసగా హ్యాష్‌లు కట్టి చూసుకుంటూ పోతే దొరికిపోతాయి. హ్యాష్ కట్టే ముందు ప్రతి సర్టిఫికెట్‌కూ వేరుగా ఒక పొడవాటి యాదృచ్ఛిక సంఖ్య కలపాలి.

రికార్డుల విభాగం:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. ఫోన్ చేసి కనుక్కున్నాను, నోడ్లన్నీ వాళ్ల దగ్గరేనట. మరి నకిలీల సంగతేం చేయాలి? బ్లాక్‌చెయిన్ వద్దని రాస్తే, బదులు ఏం చేద్దామో కూడా రాయాలి కదా.

పాత డేటాబేస్ మనిషి:

డిజిటల్ సంతకం చాలు. ప్రైవేట్ కీతో, అంటే మీ దగ్గరే రహస్యంగా ఉండే కోడ్‌తో, ప్రతి సర్టిఫికెట్ ఫైలు మీద సంతకం చేయండి, ఆ సంతకాన్ని సరిచూడటానికి పనికొచ్చే పబ్లిక్ కీని మీ వెబ్‌సైట్లో పెట్టండి. కంపెనీలు మీకు మెయిల్ పెట్టకుండానే సరిచూసుకుంటాయి. నకిలీ తయారుచేసేవాడి దగ్గర మీ ప్రైవేట్ కీ ఉండదు.

ఒకరినొకరు పూర్తిగా నమ్మని అనేక సంస్థలు, పైన పెద్దమనిషి లేకుండా, ఒకే లెడ్జర్‌లో రాసుకోవాల్సి వచ్చినప్పుడు బ్లాక్‌చెయిన్‌కు పని ఉంటుంది. అక్కడ కూడా అందరూ చేరితేనే. సరుకు ఓడల పత్రాల కోసం మెర్స్క్, ఐబీఎం కలిసి 2018లో ప్రకటించిన ట్రేడ్‌లెన్స్‌ను మూసేస్తున్నామని 2022 నవంబర్‌లో చెప్పారు. పరిశ్రమ మొత్తం కలిసి రాలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. మీ సర్టిఫికెట్లు రాసేది మీరొక్కరే.

కాలముద్ర:

ఒక్క విషయంలో పై జవాబుతో విభేదిస్తాను. సంతకం ఎవరు చేశారో చెబుతుంది, ఎప్పుడు చేశారో చెప్పదు. కీ చేతిలో ఉన్న లోపలి మనిషే పాత తేదీ వేసి సర్టిఫికెట్ ఇస్తే? సంస్థ మూతపడి వెబ్‌సైట్ పోతే?

దీనికి తక్కువ ఖర్చుతో దారుంది. ఒక బ్యాచ్ సర్టిఫికెట్ల హ్యాష్‌లను జతలు జతలుగా కలిపి మళ్లీ హ్యాష్ చేస్తూ పోతే చివరికి ఒకటే మిగులుతుంది. దీన్ని మెర్కిల్ ట్రీ అంటారు. ఆ ఒక్క హ్యాష్‌ను బిట్‌కాయిన్ లాంటి పెద్ద పబ్లిక్ గొలుసులో పెడితే చాలు. వెయ్యి సర్టిఫికెట్లున్నా, ఒక అభ్యర్థి తనది అందులో ఉందని చూపడానికి 10 హ్యాష్‌లు సరిపోతాయి. అమెరికాలోని ఎంఐటీ 2017లో 111 మంది పట్టభద్రులకు ఇచ్చిన డిజిటల్ డిప్లొమాలు ఈ పద్ధతిలోవే. డిప్లొమా విద్యార్థి దగ్గరే ఉంటుంది, గొలుసులోకి వెళ్లేది హ్యాష్ మాత్రమే.

పాత డేటాబేస్ మనిషి:

ఒప్పుకుంటున్నాను, ఆ జాగ్రత్త ఉండాల్సిందే. నోట్‌లో సంతకం తప్పనిసరి అనీ, బ్యాచ్‌కోసారి కాలముద్ర దానికి తోడు అనీ రాయండి. సొంత గొలుసు, నెలనెలా చందా అక్కర్లేదు.

రికార్డుల విభాగం:

అలాగే రాస్తాను. ఆ ప్రైవేట్ కీ మాత్రం ఎవరి దగ్గర ఉంచాలండి? మా ఆఫీసులో పాస్‌వర్డులు కాగితం మీద రాసి అతికించి ఉంటాయి.

లెక్కల తనిఖీ:

కీ బయటికి రాని హార్డ్‌వేర్ పరికరంలో. సంతకం పడాలంటే ఇద్దరు అధికారులు విడివిడిగా అనుమతించాలి, ఆ ఇద్దరూ ఒకే విభాగంవాళ్లు కాకూడదు. కీ పోతే పాతదాన్ని రద్దు చేసి కొత్తది ఎలా ప్రకటిస్తారో కూడా ఈ నోట్‌లోనే రాసి ఆమోదం తీసుకోండి.