ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోత: న్యాయమేనా?

కొండాపూర్ కిరాయిదారు

నేరుగా విషయానికి వస్తా. కొండాపూర్‌లో టూ బీహెచ్‌కే, అద్దె 18 వేలు, మెయింటెనెన్స్ వేరే. ముగ్గురం బ్యాచిలర్లం. చేరేటప్పుడు రెండు నెలల అడ్వాన్సు 36 వేలు కట్టాం. నెల ముందే చెప్పి మొన్న ఖాళీ చేశాం. ఓనర్ గారు తిరిగిచ్చింది 16,500. పెయింటింగ్‌కి 18 వేలట, క్లీనింగ్‌కి 1,500 అట. బిల్లు అడిగితే "హైదరాబాద్‌లో ఎక్కడైనా ఇదే పద్ధతి బాబూ, అగ్రిమెంట్ చదువుకోలేదా?" అన్నారు.

చదువుకున్నాం. "ఖాళీ చేయునప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్ నిమిత్తం మినహాయించబడును" అని ఒక లైను ఉంది. టూలెట్ బోర్డుల్లో సగం "ఓన్లీ ఫ్యామిలీస్" అని ఉండే ఊళ్లో బ్యాచిలర్లకి ఇల్లు దొరకడమే గొప్ప. ఆ లైను కొట్టేయమని అడిగితే తాళాలు ఇంకొకడి చేతికి వెళ్తాయి.

అసలు సంగతేంటంటే, మేం చేరినప్పుడు కొత్తగా రంగులు వేయలేదు. హాల్లో ముందటివాళ్ల టీవీ మేకుల కన్నాలు అలాగే ఉన్నాయి. వాళ్ల పాప క్రేయాన్‌తో గీసిన ఏనుగు బెడ్‌రూమ్ గోడ మీదే ఉంది. వాళ్ల దగ్గర కూడా నెల అద్దె పట్టుకున్నారని వాచ్‌మన్ చెప్పాడు. వాళ్లు కట్టినా పడని రంగుకి మేం మళ్లీ ఎందుకు కట్టాలి? మీరేమంటారు?

నిజాంపేట ఓనర్

బాబూ, అందరు ఓనర్లనీ ఒకే గాటన కట్టకండి. నాది నిజాంపేటలో జీ ప్లస్ టూ. కింద మేము, పైన రెండు వాటాలు అద్దెకి. రిటైరయ్యాక పెన్షన్ కాక ఆ అద్దెలే ఆధారం. ఒక వాటా ఖాళీ అయితే మళ్లీ నిండడానికి నెలో నెలన్నరో పడుతుంది. ఆ నష్టం ఎవరూ లెక్కేయరు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి మొదట చూసేది గోడలే. సోఫాలో తల ఆనించిన చోట నూనె మరక, స్విచ్ బోర్డుల చుట్టూ నల్లటి వేలిముద్రలు, పొయ్యి వెనక పోపు జిడ్డు. ఇవన్నీ నేను చేసినవా?

పైగా ఈమధ్య కుర్రాళ్లు కొత్త పద్ధతి మొదలుపెట్టారు. ఖాళీ చేస్తామని చెప్పిన రోజు నుంచే అద్దె కట్టడం మానేసి "అడ్వాన్సులో పట్టుకోండి అంకుల్" అంటారు. అలా అడ్వాన్సంతా తినేసి, కరెంటు బిల్లు బాకీ పెట్టి, గీజర్ పాడుచేసి వెళ్లిపోయినవాళ్లు నాకు తగిలారు. ఒక నెల అని ముందే రాసుకునేది అందుకే. సంతకం పెట్టి ఉండి, తాళాలిచ్చే రోజున న్యాయమా అంటే ఎలా?

సీమపిల్ల

అంకుల్, మీరే చెప్పేశారు కదా. గీజర్‌కీ కరెంటు బిల్లుకీ భయపడి పెట్టుకున్న కోత అది. దానికి పెయింటింగ్ అని పేరెందుకు? ఎవరో అద్దె ఎగ్గొట్టారని, ప్రతి నెలా ఐదో తారీఖులోపు కట్టిన నా దగ్గర ఎందుకు పట్టుకోవాలి?

మాదాపూర్‌లో మేమిద్దరం అమ్మాయిలం ఉన్నప్పుడు ఖాళీ చేసే ముందు రోజు రాత్రి వరకూ గోడలు తుడిచాం. స్పాంజి, సబ్బు నీళ్లు, భుజాలు పడిపోయాయి. అయినా నెల అద్దె పోయింది. "మీరు తుడిచినా తుడవకపోయినా అంతేనమ్మా" అంది ఓనర్ ఆంటీ. అంత నిజాయితీగా చెప్పినందుకు మాత్రం ఆవిడంటే గౌరవమే. ఏదైనా అంతేనని ముందే తెలిస్తే ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాళ్లం. శుభ్రంగా ఉంచినవాడికీ పాడుచేసినవాడికీ ఒకటే కోత అయితే శుభ్రంగా ఎవరుంచుతారు?

సెక్షన్ 108

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా. కింది కోర్టుల్లో తిరిగే జూనియర్‌ని, అంతే.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో సెక్షన్ 108, ‘ఎం’ క్లాజు. ఇల్లు తీసుకున్నప్పుడు ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో తిరిగి అప్పగించాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల తప్ప. రంగు వెలవడం, స్విచ్ దగ్గర మరకలు మామూలు అరుగుదల కిందికే వస్తాయి. క్రేయాన్ ఏనుగు రాదు.

ఇక్కడితో ఆపితే అద్దెకున్నవాళ్లు చప్పట్లు కొడతారు. కానీ అదే సెక్షన్ మొదలయ్యేదే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరేగా లేనప్పుడు ఇవి వర్తిస్తాయి అంటూ. కాబట్టి "ఇక్కడ ఇదే పద్ధతి" అన్న ఓనర్ గారిది ఉత్తమాట కాదు. పైగా మీ అగ్రిమెంట్‌లో రాసి ఉంది.

2021లో కేంద్రం మోడల్ టెనెన్సీ చట్టం తెచ్చింది. ఇళ్లకి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు అంటుంది. దాని రెండో షెడ్యూల్‌లో ఎవరి ఖర్చు ఎవరిదో పంచారు: గోడలకు వెల్ల వేయించడం, తలుపులకీ కిటికీలకీ రంగులు ఓనర్‌వి, కుళాయిలు, స్విచ్చులు, తాళాలు, గీజర్ రిపేరు అద్దెకున్నవాళ్లవి. అంటే గీజర్ విషయంలో నిజాంపేట అంకుల్‌ది రైటు, పెయింటింగ్ విషయంలో కాదు. కానీ అది పేరుకు తగ్గట్టు నమూనా మాత్రమే. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అమలు.

మరి మన అద్దె నియంత్రణ చట్టం? 1960 నాటిది. 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకి 3,500 దాటిన అద్దెలు దాని పరిధిలోంచి పోయాయి. కొండాపూర్‌లో 3,500కి బైక్ పెట్టుకునే జాగా దొరికితే నాకూ చెప్పండి.

చివరికి మిగిలేది మీ అగ్రిమెంట్ ఒక్కటే. అందులో మీకు పట్టు ఒకటుంది. పెయింటింగ్ కోసమని తీసుకున్న డబ్బుతో పెయింటింగ్ చేయించాలి కదా, బిల్లు చూపించమని రాతపూర్వకంగా అడగొచ్చు. ఇది నా వాదన, తీర్పు కాదు. 18 వేల కోసం దావా వేస్తే తిరగడానికే అంతకంటే ఎక్కువవుతుంది. ఆ సంగతి ఓనర్లకీ తెలుసు.

లప్పం మేస్త్రి

అన్నలూ, నేను చేసేది రంగుల పనే. మాది నల్గొండ దిక్కు, చానా ఏండ్ల సంది హైదరాబాద్‌ల ఉంటున్న. లెక్క తెల్వక రెండు పక్కలోళ్లు కొట్లాడుకుంటున్నరు, గందుకే చెప్తున్న.

వెయ్యి అడుగుల ఫ్లాటు అంటే గోడలు, సీలింగు కలిపి మూడు వేల అడుగుల పైనే వస్తది. జనం ఫ్లాటు అడుగులు చూసి "గింతేనా పని" అంటరు. మంచిగ లప్పం (పుట్టీ) పెట్టి, పేపర్ కొట్టి, ప్రైమర్ ఏసి, రెండు కోటింగులు ఎమల్షన్ రంగు కొడితే 18 వేలు యాడికీ సరిపోవు. గీ మాట వింటే ఓనర్లు సంబరపడుతరు.

కని కిరాయి ఇండ్లకు గట్ల ఎవరు చేయిస్తరు? నాకు వచ్చే ఫోను ఎట్లుంటదంటే: "పాత రంగు మీదనే ఒక్క కోటు కొట్టు, కన్నాలకు మాత్రం లప్పం పెట్టు, సీలింగు ముట్టకు, అన్నిట్ల చవకది ఏది?" ఇద్దరు మనుషులు రెండు దినాలల్ల అయిపోతది. గా పని కూడ ప్రతిసారి కాదు. ఒక ఫ్లాటుకు నన్ను నాలుగేండ్లకొక్కసారి పిలుస్తరు. గా నడుమ కిరాయిదార్లు ముగ్గురు మారుతరు. ముగ్గురి దగ్గర పట్టిన పైసలు నా దాంక అయితే రాలే.

ఇంకొకటి. బాత్రూం అవతలి గోడకు చెమ్మ వచ్చి రంగు ఉబ్బి పెచ్చులూడుతది. పై ఫ్లాటు లీకేజీ అది. దాన్ని గూడ కిరాయిదారు మీదనే ఏస్తరు. పైపు బాగు చెయ్యకుండ ఎన్ని కోటింగులు కొట్టినా వానకాలం రాంగనే మల్ల ఊడుతది. నాకు పని దొరుకుతది గని, నాయం కాదు.

కొండాపూర్ కిరాయిదారు

మేస్త్రి అన్నా, నాకు కావాల్సింది సరిగ్గా ఇదే. ముగ్గురు కడితే ఒక్కసారి రంగు పడింది. మిగతా రెండు నెలల అద్దె ఓనర్ గారి జేబులో పడింది. నేను ఖర్చు తక్కువ అనట్లేదు. వేయిస్తే బిల్లు చూపించి తీసుకోండి, వేయించకపోతే తిరిగివ్వండి అంటున్నా.

ఫ్రీమాంట్ నుంచి

నేనుండేది కాలిఫోర్నియాలో. నాకు హైదరాబాద్ నల్లగండ్లలో ఫ్లాట్ ఉంది, బావమరిది చూసుకుంటాడు. మేమూ నెల అద్దె కోస్తాం. నా బాధ కూడా వినండి. ఇక్కడ కూర్చుని ఏ మరక ఎవరిదో నేను తేల్చలేను. బావమరిదిని ప్రతిసారీ పంపి గొడవపడమనలేను. అందరికీ ఒకటే రేటు అంటే తగువుండదు. కొంచెం అన్యాయం ఉండొచ్చు, కానీ అందరికీ సమానంగా ఉంటుంది.

సీమపిల్ల

ఫ్రీమాంట్ గారూ, మీరక్కడ అద్దెకున్న రోజుల్లో ఇలాగే చేశారా? మా అక్కావాళ్లు శాన్ హోసేలో అపార్ట్‌మెంట్ ఖాళీ చేశారు. కాలిఫోర్నియాలో 21 రోజుల్లోపు డిపాజిట్ తిరిగివ్వాలి, కోత పెడితే దేనికెంతో పద్దు రాసివ్వాలి, మామూలు అరుగుదలకి పట్టుకోకూడదు. కార్పెట్ మీద కాఫీ మరకకి డబ్బు కట్ చేశారు, ఎందుకో కాగితం మీద రాసిచ్చారు. అక్క గొడవపడలేదు కూడా. అక్కడ పద్దు అడిగి తీసుకునేవాళ్లు నల్లగండ్లకి వచ్చేసరికి "తేల్చలేం" అంటారేం? తాళాలిచ్చే రోజు వీడియో కాల్ చేయడానికి పది నిమిషాలు.

ఫ్రీమాంట్ నుంచి

ఇక్కడ కాలిఫోర్నియాలో అద్దె కూడా దానికి తగ్గట్టే ఉంటుందమ్మా. నల్లగండ్ల ఫ్లాట్ మీద నాకొచ్చే అద్దె ఈఎమ్ఐలో సగం కూడా రాదు. ఇక్కడి పద్ధతులు అక్కడ పెట్టాలంటే అక్కడి అద్దెకి ఇక్కడి సేవలు అడిగినట్టే. వీడియో కాల్ సంగతి మాత్రం ఆలోచిస్తా.

బనశంకరి బావ

బెంగళూరు నుంచి. రెండు నెలల అడ్వాన్సుకే ఇంత చర్చా? ఇక్కడ పది నెలల అడ్వాన్సు కట్టి ఇల్లు తీసుకున్న తరం మాది. ఇప్పటికీ చాలా చోట్ల ఐదారు నెలలు అడుగుతారు. పెయింటింగ్‌కి నెల అద్దె ఇక్కడా కోస్తారు. మా దగ్గర అంత డబ్బు తీసుకుని, దాని మీద వడ్డీ తిని, మళ్లీ రంగుకి కోసుకుంటారు. మీ ఓనర్లు దేవుళ్లు.

సెక్షన్ 108

బావగారూ, మీకు ఎక్కువ దెబ్బ తగిలిందని మాకు తగిలింది దెబ్బ కాకుండా పోదు.

మోడరేటర్

ఒక పోస్టులో అపార్ట్‌మెంట్ పేరు, ఓనర్ నంబరు పెట్టారు. తీసేశాను. మళ్లీ పెట్టకండి.

నిజాంపేట ఓనర్

మేస్త్రి చెప్పింది నిజమే. నేనూ ప్రతిసారీ రంగులు వేయించను, దాచుకోవడం దేనికి? కానీ వేయించని ఏడాదిలో మోటారు కాలిపోతుంది, సంపు కడిగించాలి, ఆస్తి పన్ను కట్టాలి. ఆ డబ్బు వాటిలోనే పోతుంది. అద్దె పెంచుదామంటే పక్క సందులో వెయ్యి తక్కువకి దొరుకుతుందని వెళ్లిపోతారు. బోర్డు మీద అద్దె తక్కువ కనిపించాలి, మాకు గిట్టుబాటు కావాలి. ఈ పెయింటింగ్ కోత అలా వచ్చిందే.

సరే, ఒక మాట. మా రెండో అంతస్తు వాటా వచ్చే నెల ఖాళీ అవుతోంది. టూ బీహెచ్‌కే, 18 వేలు. పెయింటింగ్ క్లాజు వద్దంటే తీసేస్తా, అద్దె 19,500 అవుతుంది. చేరే రోజున గోడల ఫొటోలు తీసుకుందాం, పోయే రోజున మళ్లీ తీసుకుందాం. పాడైనదానికే పట్టుకుంటా. బ్యాచిలర్లయినా నాకు అభ్యంతరం లేదు. ఎవరైనా వస్తారా?

సీమపిల్ల

లెక్క చూడండి. నెలకి 1,500 ఎక్కువ, ఏడాదికి సరిగ్గా 18 వేలు. అంటే నెల అద్దె! ఏడాదిలోపు ఖాళీ చేసేవాళ్లకి లాభం, మూడేళ్లుంటే 54 వేలు. క్లాజు ఉంచుకుంటే ఎన్నేళ్లున్నా 18 వేలే. అంకుల్ మామూలు మనిషి కాదు.

నిజాంపేట ఓనర్

మూడేళ్లు ఎవరుంటారమ్మా ఈ రోజుల్లో? అగ్రిమెంటే 11 నెలలకి.

లప్పం మేస్త్రి

సార్, ఫొటోల మాట మంచిగుంది. కని ఫోన్ ఫొటోల చెమ్మ కనబడది, చెయ్యి పెట్టి చూడాలె. బాత్రూం గోడలు, బాల్కనీ కింది గోడ గోరుతోని గీకి చూస్తే తెలుస్తది.

కొండాపూర్ కిరాయిదారు

అంకుల్, 18,800 చేయండి, నేనూ నా రూమ్మేట్లూ శనివారం వచ్చి చూస్తాం. బాత్రూం గోడ గోరుతో గీకుతాం, ఏమనుకోవద్దు. పాత ఓనర్ గారికి బిల్లు కోసం వాట్సాప్‌లో మెసేజ్ పెట్టా, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మంజీర నల్లా నీళ్లొస్తాయా, బోరేనా?

నిజాంపేట ఓనర్

19,000. మంజీర రోజు మార్చి రోజు వస్తుంది, బోరు కూడా ఉంది. బండ్లు రెండే పెట్టుకోవచ్చు.