పేరు ముందు రిజిస్టర్ చేసినవాడిదా, ముందు నుంచి వాడుతున్నవాడిదా?

తెనాలి ఆవకాయ: నాన్న 1987లో పచ్చళ్ళ కొట్టు పెట్టారు. మా దగ్గర పనిచేసి మానేసినాయన పోయినేడు అదే వీధిలో మా పేరుకే ముందు 'శ్రీ' తగిలించి కొట్టు తెరిచాడు, లేబుల్ రంగు కూడా మాదే. అడిగితే ట్రేడ్‌మార్క్ సర్టిఫికెట్ చూపించాడు. మేం రిజిస్టర్ చేయించలేదు. ఇక పేరు ఆయనదేనా?

పాకం పట్టు: ఆయనదే. 4,500 ఫీజు కట్టడానికి ఇన్నేళ్ళూ మీకు తీరిక లేదా?

కోర్టు మెట్లు: కాదండీ. 1999 ట్రేడ్‌మార్క్‌ల చట్టం 34వ సెక్షన్ ముందు నుంచి వాడుతున్నవాళ్ళని కాపాడుతుంది. రిజిస్ట్రేషన్ లేకపోయినా 'పాసింగ్ ఆఫ్' దావా, అంటే తమ సరుకుని మీదిగా నమ్మించి అమ్ముతున్నారన్న దావా, వేయొచ్చు. తిరునెల్వేలి ఇరుట్టుకడై హల్వా కేసులో ఎదుటివాళ్ళు రిజిస్ట్రేషన్ చూపించినా, ముందు వాడినవాళ్ళ హక్కే పెద్దదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత బిల్లు పుస్తకాలు, మున్సిపల్ లైసెన్సు వెతకండి.

గుంటూరు బాబాయ్: జిరాక్స్‌లు తీయించి పెట్టు నాయనా, చెదలు పడతాయి.

పాకం పట్టు: 'శ్రీ' ఉందిగా, వేరే పేరే!

కోర్టు మెట్లు: గ్లూకోవిటా గ్లూకోజ్ పొడి, గ్లువిటా బిస్కెట్లు: ఆ పేర్లే జనాన్ని తికమక పెడతాయని 1959లో సుప్రీంకోర్టు అంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడరు, కొనేవాడికి లీలగా గుర్తున్నదే లెక్క.

తెనాలి ఆవకాయ: మొన్న ఒకావిడ అక్కడ కొన్న గోంగూరకి బూజు పట్టిందని తెచ్చి నాన్న ముందు పెట్టింది. ఆయన మారుమాట లేకుండా డబ్బులిచ్చేశారు. రాత్రి అన్నం తినలేదు.

పాకం పట్టు: మీ పచ్చడి కలిపిందెవరు?

తెనాలి ఆవకాయ: పంతొమ్మిదేళ్ళు ఆ మానేసినాయనే. కొలతలు మా అమ్మవి.

పాకం పట్టు: చూశారా! నేనూ ఒక స్వీట్ షాపులో పద్నాలుగేళ్ళు పాకం పట్టాను. బయటికొచ్చి ఆ షాపు పేరు బోర్డు మీద రాస్తే లాయర్ నోటీసు పంపారు. జనం వచ్చింది నా చేతి కోసం, ఓనరు మొహం చూసి కాదు.

కోర్టు మెట్లు: మీ చేతిపని మీదే. ఫలానా చోట చేశానని నోటితో చెప్పుకోండి, తప్పులేదు. ఆ షాపే ఇది అనుకునేలా బోర్డు పెట్టడం తప్పు.

పాకం పట్టు: నా పేరు పెడితే మూడు నెలలు ఈగ కూడా వాలలేదు సార్. ఆవకాయ గారూ, పంతొమ్మిదో ఏట ఆయన జీతమెంత?

తెనాలి ఆవకాయ: దానికీ దీనికీ ఏం సంబంధం?

పాకం పట్టు: ఉన్నదంతా అదే.

తెనాలి ఆవకాయ: చివరి నాలుగేళ్ళు పెంచలేదు, నిజమే. అది మా తప్పు. కావాలంటే ఆ లెక్క ఇప్పుడు తేలుస్తాను. కానీ ఆ బోర్డు మీదున్నది మా నాన్న పేరు.